అంచుల్లో అక్క

ముందు చిన్నవి చెరిపేస్తే పెద్దవాటికి చెయ్యి అలవాటు పడుతుందిలే అనుకుంది మిమ్మా, నిన్న మధ్యాహ్నం పైగదిలో తలుపు గడియ పెట్టుకుని మొదలుపెట్టినప్పుడు. ఆ అనుకోవడం ఎంత తెలివితక్కువదో సగం నిఘంటువు అయ్యాక గాని తెలియలేదు, చిన్నవే ఎక్కువ ఏడిపించాయి, ‘ఆకలి’ అని ఒక్క మాట, ‘వాన’ అని ఒక్క మాట, ‘మిమ్మా నా రొట్టె తినేసింది, దొంగ’ అని ఒక్క ఫిర్యాదు. ఇప్పుడు పొద్దున్నే ఆరుంబావు బస్సులో, ఒళ్ళో పసిబిడ్డంత బరువున్న గ్రీకు నిఘంటువు, చేతిలో అరిగి అరిగి చిక్కుడుగింజంత అయిన రబ్బరు, పక్కన పెళ్ళినాటి నల్ల కోటు తొడుక్కున్న నాన్న. అక్క రాసినవి ఇంకా పదిహేడు మిగిలున్నాయి. పట్నం గంట దూరం, అక్కడికి చేరేసరికి ఈ పుస్తకంలో మనిషి చెయ్యి పడ్డ గుర్తు ఒక్కటి కూడా ఉండకూడదు. బడిలో గ్రీకు చెప్పే లగనా మాస్టారు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు, "పరీక్షాధికారులు ఎక్కడెక్కడి ఊళ్ళనుంచో వస్తున్నారు తల్లీ, వాళ్ళకి మనమీద జాలీ లేదు, పరిచయమూ లేదు, ఒక్కో నిఘంటువూ తిరగేసి చూస్తారు, పెన్సిలు గీత కనబడిందా పుస్తకం వాళ్ళ బల్లమీదికి పోతుంది, నువ్వు ఉత్త చేతుల్తో కూర్చుంటావు. నిఘంటువు లేకుండా గ్రీకు తర్జుమా చెయ్యడం నా వల్లే కాదు, నీ వల్ల ఏమవుతుంది? బడి బీరువాలో ఇంకోటి ఉంది గాని దాని చివరి అక్షరాలు ఎలుకలు చదివేశాయి."

బస్సు కదిలే ముందు డ్రైవరు కోజిమో అద్దంలోంచి నాన్నని ఎగాదిగా చూసి, "ఏం బ్రూనో బావా, ఈ వేషమేంటి పొద్దున్నే, పెళ్ళికా?" అన్నాడు.

"పెళ్ళయితే నిన్ను పిలవనా? పరీక్షకి."

"నీకా పరీక్ష?"

"నాకే" అన్నాడు నాన్న, నవ్వకుండా.

నాకే, నాకే, ఆ మాట మొదటి మలుపు దాకా మిమ్మా చెవిలోనే ఉండిపోయింది, బస్సు ఒరిగినప్పుడు నిఘంటువు ఒరిగింది, నాన్న భుజం ఆనింది, కోటుకి కలరా ఉండల వాసన, దానికింద సబ్బు, దానికింద ఎంత తోమినా పోని నారింజచెట్ల జిగురు. నాన్న ఆరు తరాల కొమ్మలు నరికే వంశంలో పుట్టాడు, కోస్తాలో ఉన్న ఎవరెవరి తోటల్లోనో చెట్లకి క్షవరం చేసి బతికాడు, అక్షరాలంటే సంతకానికి సరిపడా మాత్రమే, కాని ఊళ్ళో ఎవరికీ పట్టని పిచ్చి ఆయనకి పట్టింది, తన ఇంట్లోంచి ఒకరు పట్నంలో పెద్ద బడికి పోవాలి, లెక్కల బడి కాదు, టైపు బడి కాదు, లాటిన్, గ్రీకు చెప్పే బడి, డాక్టరు కొడుకూ నోటరీ కొడుకూ చదివే బడి. "దాంతో ఏమొస్తుందిరా?" అని అడిగినవాళ్ళకి, "ఏమీ రాకపోతే వాళ్ళెందుకు చదివిస్తున్నారు?" అనేవాడు. మొదట అగాతా వెళ్ళింది ఆ బడికి, అక్క, ఇదే బస్సు, ఇదే కిటికీ పక్క సీటు, ఇదే నిఘంటువు. మిమ్మా రబ్బరు తిప్పి పట్టుకుని మలుపు అయిపోయేదాకా ఆగింది, మలుపులో చెరిపితే కాగితం చిరుగుతుంది.

ఇదిగో ఒకటి, ‘ఎదురుచూడు’ అనే క్రియ పక్కన, ‘బస్సు రాలేదు, బూట్లు నీళ్ళు తాగాయి, నా పక్కన నిలబడ్డవాడివి కూడా’. ఆ పక్కన నిలబడ్డవాడు రొక్కో, తాపీమేస్త్రి, అప్పటికి వాడి పేరు పుస్తకంలోకి ఇంకా రాలేదు, బూట్లు మాత్రం వచ్చాయి. మిమ్మాకి నవ్వొచ్చింది, నవ్వుతూనే రుద్దింది, పోయింది. ఇంకొకటి, ‘నిజం’ పక్కన, ‘లగనా మాస్టారి కోటుకి మూడు రోజులుగా గుండీ లేదు, ఇంట్లో ఆవిడ అలిగినట్టుంది’, పోయింది. పెన్సిలుతో రాసినదే గాని అక్క నొక్కి రాసే మనిషి, మెతుకు నొక్కి చూసినట్టు ప్రతి అక్షరాన్నీ నొక్కి చూసేది, నలుపు పోయినా గాడి పోదు, పరీక్షాధికారులు వేలితో తడిమి చూస్తారా, చూడరు, కళ్ళతోనే చూస్తారు, గాడికి నేరం అంటగట్టలేరు కదా అని సమాధానం చెప్పుకుంది. అన్నీ నోటుబుక్కులోకి ఎక్కించుకుంది ముందే, నలభై పేజీలు వచ్చాయి, కాని ఎక్కించినదాంట్లో మాట వస్తుంది, చెయ్యి రాదు. అక్క చెయ్యి ఉన్నది ఇందులోనే. ఫోటోలన్నీ నాన్న గోడమీంచి దించేశాడు, మేకులు కూడా పీకేశాడు, సున్నం కొట్టించాడు, ఇంట్లో అగాతా మిగిలిన చోటు ఈ అంచులే, అదీ ఎవరూ చదవలేరు కాబట్టి.

ఎవరూ చదవలేరన్నది అక్క తెలివి. ఆ బడిలో పిల్లలందరూ రహస్యాలు గ్రీకు అక్షరాల్లోనే రాసుకుంటారు, ఇళ్ళల్లో అమ్మలకి అర్థం కాకుండా, కాని తోటి పిల్లలకి అర్థమైపోతుంది కదా, అందుకని అక్క ఇంకో మెట్టెక్కింది, గ్రీకు అక్షరాల్లో నానమ్మ భాష రాసింది. కొండమీది తమ ఊళ్ళో ముసలివాళ్ళు మాట్లాడే ఆ పాత గ్రీకు, నీళ్ళకొక మాట, రొట్టెకొక మాట, పొయ్యిలో పుల్లకొక మాట, ఎప్పుడో ఓడల్లో వచ్చి కొండెక్కి దిగడం మర్చిపోయిన భాష, దాన్ని పట్నంలో మేకల భాష అంటారు. బడి పిల్లలకి అక్షరాలు వచ్చు, మాటలు రావు. ఇంట్లోవాళ్ళకి మాటలు వచ్చు, అక్షరాలు రావు. తాళం ఒకరి దగ్గర, చెవి ఇంకొకరి దగ్గర, రెండూ కలిసి ఉన్నది అక్కాచెల్లెళ్ళ దగ్గరే. ఆ భాష మాట్లాడినందుకు చిన్నప్పుడు నాన్న ఊరిబడిలో చేతిమీద బెత్తం దెబ్బలు తిన్నాడు, అందుకే పిల్లలతో ఇటాలియనే తప్ప ఆ భాషలో ఒక్క మాటా మాట్లాడలేదు, నానమ్మ మాట్లాడుతుంటే, "అమ్మా, వాళ్ళ నోరు పాడుచెయ్యకు" అని కసిరేవాడు. నానమ్మ ఊరుకుంటేనా, పిల్లలు ఒళ్ళోకి రాగానే ‘పెదీ’ అని పిలిచేది, బిడ్డా అని. గ్రీకు తరగతి మొదటి వారంలోనే ఆ మాట నల్లబల్ల మీద కనబడింది, డాక్టరు కొడుకు తప్పులు లేకుండా పలకడానికి చెమటలు కక్కాడు. ఆ పేజీ అంచున అక్క రాసుకుంది, ‘నానమ్మా, నువ్వు పుస్తకంలో ఉన్నావు’. ఐదేళ్ళ తర్వాత అదే బల్ల, అదే మాస్టారు, అదే మాట, మిమ్మా ఆ పేజీ తెరిచి చూసుకుని తరగతిలో ఏడ్చింది, నానమ్మ అప్పటికి పోయి ఆరునెలలు. అది నిన్ననే చెరిపేసింది. చెరిపి కిందికెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ కూర్చుంది.

లాటిన్ అలా కాదు, లాటిన్‌తో గొడవ లేదు. లాటిన్ వీధిలో ఎదురైన పోలీసులాంటిది, నిటారుగా నిలబడి ఏది ముందో ఏది వెనకో చెప్పిపోతుంది, రాస్తే మార్కులు వస్తాయి, నాన్నకి అదంటే ఇష్టం, "ఏదీ, ఆ పూజారి భాష కాసేపు చదువు" అని భోజనాల దగ్గర చదివించుకునేవాడు, కళ్ళు మూసుకుని వినేవాడు, అర్థం అడిగేవాడు కాదు. ఒకసారి మిమ్మా నదికి వంతెన ఎలా కట్టాలో చెప్పే ఒక పేజీ చదివితే అయిపోయాక ఆయన శిలువ గుర్తు వేసుకున్నాడు. ఈ ఏడాది బడి ఆఖరి పరీక్షకి గ్రీకు పడింది. లాటిన్ పడి ఉంటే ఈ రబ్బరు బాధ ఉండేది కాదు, లాటిన్ నిఘంటువు కొత్తది, దాంట్లో ఎవరూ లేరు.

బస్సు ఎండిన ఏటి పక్కకి దిగింది, తెల్లటి రాళ్ళు, రాళ్ళ మధ్య గన్నేరు పూలు గులాబి రంగులో విరగబూశాయి, కిటికీలోంచి దుమ్ము, డీజిలు వాసన, ముందు సీట్లో ఎవరిదో కోడి బుట్టలోంచి ఒక కన్నుతో చూస్తోంది. జనవరిలో ఇక్కడ నీళ్ళుంటాయి. జనవరిలో ఒక సోమవారం అక్క ఈ బస్సే ఎక్కింది, బడికని, బడికి వెళ్ళలేదు, రైలెక్కి రొక్కోతో స్విట్జర్లాండు వెళ్ళిపోయింది. ఆ పొద్దున నిఘంటువు పట్టుకెళ్ళలేదు, బరువని వదిలేసిందేమో అనుకుంది అమ్మ. అది మిమ్మా దిండు కింద ఉంది. లేచిపోవడం ఈ కొండల్లో కొత్తేమీ కాదు, సగం ఊరు అలాగే పెళ్ళిళ్ళు చేసుకుంది, రెండురోజులు ఎక్కడో ఉండి వస్తారు, అమ్మాయి తండ్రి వీధిలో నిలబడి ఊరంతా వినేలా తిడతాడు, అబ్బాయి తల్లి పళ్ళెంలో మిఠాయి పెట్టుకుని ఏడుస్తూ వస్తుంది, మూడోరోజుకి తండ్రి చల్లబడతాడు, పూజారి పూలు లేకుండా పక్క పీఠం దగ్గర పెళ్ళి కానిచ్చేస్తాడు, ఏడాది తిరిగేసరికి తాత ఒళ్ళో మనవడు. తిట్టే మాటలు కూడా అందరికీ కంఠతా వచ్చు. జంట ఊరికి రాకపోయినా రొక్కో తల్లి మాత్రం పద్ధతి ప్రకారం మూడోరోజు పళ్ళెంతో వచ్చింది. నాన్న గుమ్మంలో నిలబడ్డాడు, ఊరంతా చెవులు రిక్కించింది, ఆయన అరవలేదు. "లేచిపోయినందుకు కాదమ్మా" అన్నాడు, "జూన్ దాకా ఆగలేకపోయినందుకు. ఐదు నెలలు. ఐదు నెలలు ఆగితే ఆ పరీక్ష అయిపోయేది" అన్నాడు, తలుపు వేసేశాడు. మిఠాయి పళ్ళెం గుమ్మం ముందే ఉండిపోయింది, చీమలు పట్టాయి. ఆ తర్వాత ఐదున్నరేళ్ళుగా ఆ పేరు ఇంట్లో పలకలేదు ఎవరూ, పునీత అగాతా పండగ రోజున కూడా అమ్మ ఒక్కతే గుడికెళ్ళి వస్తుంది, ఏ పునీతురాలి పండగో ఎవరూ అడగరు.

అక్క రాసిన ఉత్తరాలు లగనా మాస్టారి చిరునామాకి వస్తాయి, మిమ్మా కూడా అక్కడినుంచే రాస్తుంది. గడియారాల ఫ్యాక్టరీలో పని, ఇద్దరు పిల్లలు, మంచు, బంగాళాదుంపలు, ఇక్కడి నారింజలకి వాసన లేదు, అంతే రాస్తుంది. ఒక్క ఉత్తరంలోనూ నాన్న ఎలా ఉన్నాడని అడగదు. ఆ అడగకపోవడం మిమ్మాకి ప్రతి ఉత్తరంలోనూ అన్నిటికంటే ముందు కనబడుతుంది. అక్క కావాలి అనిపించింది ఇప్పుడు, ఉన్నట్టుండి, పరీక్ష కాదు, మెస్సీనాలో యూనివర్సిటీ కాదు, అక్క కావాలి, పక్కన కూర్చుని జడ లాగి, ‘క్రియ ముందు వెతుక్కోవే మొద్దూ, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి’ అనాలి. ఆ మాట కూడా పుస్తకం మొదటి పేజీలో ఉండేది, పోయింది.

ఆరు మిగిలాయి. ‘సముద్రం’ పక్కన, ‘రొక్కో నాకు సముద్రం చూపిస్తానన్నాడు, రోజూ బస్సులోంచి చూస్తూనే ఉన్నానుగా అన్నాను, నువ్వు చూడలేదు, బస్సు చూసింది అన్నాడు’. ఎంత చెత్త మాట, ఇలాంటి మాటకి పడిపోయిందా అక్క, పడిపోయింది, తను కూడా పడిపోయేదేమో. చెరిపింది. తల ఎత్తితే నిజంగానే కొండ సందులోంచి సముద్రం, పొద్దుటి ఎండకి కళ్ళలో పొడిచేలా ఉంది, నాన్న కూడా అటే చూస్తున్నాడు, చేతులు మోకాళ్ళమీద, ఆ చేతులకి కోటు నప్పలేదు. ఆ చేతులు. చలికాలం సాయంత్రాల్లో కొమ్మలు నరికే కత్తితోనే నారింజ ఒలిచేవాడు, పైనుంచి మొదలుపెట్టి పండు తిప్పుతూ తిప్పుతూ, తొక్క ఒక్క రిబ్బనుగా బల్లమీంచి కిందికి దిగేది, ఎక్కడా తెగేది కాదు, పండు అక్కకి, తొక్క మిమ్మాకి. మెడలో వేసుకుని ఇల్లంతా తిరిగేది. పండు కూడా నాకే కావాలని ఏడ్చింది ఒకసారి, "నువ్వు కూడా ఆ పుస్తకం చదువు, నీకూ ఒలుస్తా" అన్నాడు నాన్న. చదివింది. ఐదేళ్ళు చదివింది. కాని ఆ జనవరి తర్వాత ఆయన బల్లదగ్గర కత్తి తియ్యలేదు, అమ్మ నారింజల్ని నాలుగు ముక్కలుగా కోసి పెడుతుంది. మొన్న మార్చిలో అనుకుంటా, అమ్మ మర్చిపోయిన సీసా ఇవ్వడానికి తోటకి వెళ్ళింది మిమ్మా, నాన్న లేడు, ఆయన అన్నం తినే చెట్టు కింద కోటు ఉంది, ఆ చెట్టు కొమ్మమీద ఎండిన తొక్కలు వేలాడుతున్నాయి, అయిదో ఆరో, పొడుగ్గా, ఒక్కటీ తెగనివి. ఎవరికి ఒలిచాడో అనుకుంది, కూలివాళ్ళకేమో అనుకుంది, సీసా పెట్టేసి వచ్చేసింది.

రైలుకట్ట దాటారు, అంటే ఇంకో పది నిమిషాలు. చివరి అక్షరాల్లోకి వచ్చింది, పేజీలు కుడిపక్క పలచబడ్డాయి. చివరి రాత ఎక్కడుందో చూడకుండానే తెలుసు, చెట్టు బెరడుకీ పండు తొక్కకీ వాడే మాట పక్కన, నాలుగు వరసలు, అన్నిటికంటే గట్టిగా నొక్కినవి. రబ్బరు దానిమీద పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది.

"ఏంటి, అదొక్కటీ పోవట్లేదా?" అన్నాడు నాన్న. ఆయన చూస్తున్నట్టే తెలియదు.

"పోతుంది నాన్నా."

"మరి రుద్దు."

"రుద్దుతా."

మార్కెట్టు దగ్గర బస్సు ఆగింది, కోడి దిగిపోయింది.

"దాని రాత నాకు తెలీదా ఏంటి" అన్నాడు నాన్న మెల్లిగా, అవతలి కిటికీ వైపు తిరిగి, "కాగితం అవతలికి దిగేటట్టు నొక్కుతుంది. నిన్నట్నించి నువ్వు పైన ఏం చేస్తున్నావో తెలుసు నాకు. రబ్బరు పొట్టు మెట్లమీద దాకా వచ్చింది." తర్వాత, "ఏం రాసింది?" అన్నాడు.

మిమ్మా ఆ వరసమీద వేలు పెట్టింది. చెప్పొచ్చు, ఏదో పాఠం నాన్నా అనొచ్చు, ఆయనకి అక్షరాలు రావు, ఐదున్నరేళ్ళు అలాగే నడిచింది. ఇటాలియన్లోకి మార్చి చెప్పొచ్చు, అప్పుడు మెత్తగా వినబడుతుంది. కాని రాసింది రాసినట్టే చదివింది, నానమ్మ భాషలో, బెత్తం దెబ్బల భాషలో, బస్సులో అందరూ వినేలా కాదు, ఆయన ఒక్కడికే వినబడేలా. ‘ఇవాళ నాన్న నాకు నారింజ ఒలిచి పెట్టాడు. తొక్క ఒక్కచోట కూడా తెగలేదు. రేపు పొద్దున్న వెళ్ళిపోతున్నానని చెబుదామనుకున్నాను. పండు తింటూ కూర్చున్నాను.’

ఆ భాషలో ఎవరైనా ఆయనతో మాట్లాడి ఎన్నేళ్ళయిందో, నానమ్మ పోయాక ఇంట్లో ఎవరూ లేరు, ఆయన పెదవులు కదిలాయి, మాటలు రుచి చూస్తున్నట్టు. కోజిమో హారన్ కొట్టాడు. బడి ఉన్న వీధి మొదట్లోకి వచ్చేశారు, అప్పుడే గేటు ముందు డాక్టరు కొడుకులూ నోటరీ కూతుళ్ళూ చంకల్లో నిఘంటువులు పెట్టుకుని నిలబడి ఉన్నారు.

"చెరిపెయ్యి" అన్నాడు నాన్న.

"నా వల్ల కాదు."

"పరీక్ష పోగొట్టుకోవడం ఈ ఇంటికి ఒక్కసారి చాలు. ఇటివ్వు."

పుస్తకం తన ఒళ్ళోకి లాక్కున్నాడు, రబ్బరుముక్క ఆయన వేళ్ళమధ్య కనబడలేదు. మిమ్మా కళ్ళు మూసుకుందామనుకుని మూసుకోలేకపోయింది. ఆ చేతులు ఎంత మెల్లిగా రుద్దాయంటే, అంటు కట్టిన చిగురు పక్కన మట్టి తీస్తున్నట్టు, ఒక్కో అక్షరం, ఒక్కో అక్షరం, తొందరలేదు, బస్సు ఆగినా తొందరలేదు, కోజిమో ఒకసారి వెనక్కి తిరిగి చూసి ఇంజను ఆపేసి కూర్చున్నాడు. అయ్యాక పొట్టు ఊదాడు. పేజీ మీద బొటనవేలితో ఒకసారి తడిమాడు, గాడి తగిలినట్టుంది, అక్కడే కాస్త ఆగింది వేలు. పుస్తకం మూసి ఇచ్చాడు. కోటుమీద పడ్డ పొట్టు మిమ్మా దులపబోతే చెయ్యి అడ్డం పెట్టాడు, "ఉండనీ."

గేటు దాకా వచ్చాడు. లోపల గంట కొట్టారు, లగనా మాస్టారు మెట్లమీంచి చెయ్యి ఊపుతున్నాడు, కొత్త కోటు, గుండీలన్నీ ఉన్నాయి. మిమ్మా నిఘంటువుని గుండెకి హత్తుకుంది, అందులో ఇప్పుడు ఎవరూ లేరు, బరువు మాత్రం అంతే ఉంది. వెళ్ళొస్తా అనబోయింది.

"నువ్వు దానికి ఉత్తరాలు రాస్తున్నావని నాకు తెలుసు" అన్నాడు నాన్న, టోపీ తీసి మళ్ళీ పెట్టుకుంటూ. "మాస్టారింటికి వెళ్ళే టపా సంచీ మోసేది కూడా కోజిమోనే, వాడి నోట్లో నువ్వుగింజ నానదు."

మిమ్మా తలవంచుకుంది.

"సాయంత్రం అగాతాకి రాసేటప్పుడు" అన్నాడు, ఆ పేరు ఆయన నోట్లోంచి వచ్చింది, మామూలు పేరులాగే వచ్చింది, "పరీక్ష అయిపోయిందని రాయి. ఇంకా..." అని ఆగాడు. తర్వాతి మాటలు నానమ్మ భాషలో వచ్చాయి, పిల్లలతో ఎప్పుడూ మాట్లాడని ఆ భాషలో.

"తొక్క ఇప్పటికీ తెగకుండానే వస్తోందని రాయి, పెదీ."